నారకు అడ్డంగా పడిన గాటు

ఫెనికోంబ్‌లో ఎవరింటికి వెళ్ళినా మర్యాదగా కూర్చోమంటారు. దేని మీద కూర్చోవాలన్నది మాత్రం మీరే చూసుకోవాలి. వారానికి నాలుగు బండ్ల కుర్చీలు లండన్‌కి, అక్కణ్ణించి ఓడలెక్కించి సిడ్నీ దాకా పంపే ఊరు అది. కొండ మీది బీచ్ చెట్ల అడవుల్లో కర్రను తరిణె పట్టి కుర్చీ కాళ్ళు తీస్తారు. దిగువన కార్ఖానాల్లో ఎల్మ్ చెక్కను బాడిసెతో తొలిచి ఆసనాలు చేస్తారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు పేము అల్లుతారు. ఇంత చేసే జనం టీ పెట్టెల మీదా మూడుకాళ్ళ పీటల మీదా కూర్చుని అన్నాలు కానిచ్చేస్తారు. బాగున్న కుర్చీ అమ్ముడుపోతుంది కదా, ఇంటికెలా వస్తుంది? అమ్మకానికి పనికిరానిదే వస్తుంది.

అదెలాగంటే, లూజ్లీ వారి కార్ఖానాలో ఒక పాత ఆచారం ఉంది. సాయంత్రం పని ముగిశాక ఆ రోజు బిగించిన కుర్చీలన్నీ వరసగా పెడతారు. తనిఖీ మేస్త్రీ ఒక్కొక్కదాన్నే తిరగేసి, అడుగంతా బొటనవేలితో తడిమి చూస్తాడు. ఎక్కడైనా తప్పు తగిలితే ఆసనం అడుగున సుద్దముక్కతో ఇంటూ గుర్తు పెడతాడు. గుర్తు పడ్డ కుర్చీకి కూలి రాదు. కానీ చేసినవాడికి అక్కర ఉంటే దాన్ని నెత్తిన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోవచ్చు. ముసలి లూజ్లీ దొర పెట్టిన ఆ వెసులుబాటును కూతురు మిస్ లూజ్లీ కూడా కొనసాగించింది.

పదహారేళ్ళుగా ఆ సుద్దముక్క ఈనస్ ప్లమ్‌రిడ్జ్ జేబులో ఉంది. ఈనస్‌కి యాభై ఎనిమిదేళ్ళు. మనిషి సన్నం, మాట తక్కువ, బొటనవేలు మాత్రం పరమ కర్కశం. వెంట్రుకవాసి తప్పున్నా ఆ వేలు అక్కడ ఆగిపోతుంది. కార్ఖానా నుంచి ఒక్క మేకు, ఒక్క చెంచాడు జిగురు కూడా ఇంటికి తెచ్చుకోడని, చొక్కా దులుపుకుని రంపంపొట్టు సైతం గడప ఇవతలే వదిలి వెళతాడని పనివాళ్ళు వెక్కిరిస్తూ ఉంటారు. ఆ వెక్కిరింతలో కాస్త గర్వం కూడా ఉంది. తమ కార్ఖానాలో అలాంటి మనిషి ఉన్నాడని పక్క కార్ఖానా వాళ్ళతో చెప్పుకునేదీ వాళ్ళే.

రాణిగారి యాభయ్యేళ్ళ పండగైన మరుసటి ఏడాది, మే నెలలో ఒక సాయంత్రం, జాబెజ్ స్టాల్‌వుడ్ చేసిన కుర్చీ ఈనస్ ముందుకొచ్చింది. జాబెజ్‌కి ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి, కార్ఖానాలోకెల్లా బిగింపు పని బాగా చేసేవాడు. ఈనస్ కుర్చీ తిరగేశాడు. ముందు ఎడమకాలు దిగిన బెజ్జం పక్కన, రెండు వేళ్ళ ఎడంలో, ఉలి గాటు ఒకటి ఉంది. బొటనవేలు దాని మీద ఆగింది. ఆగి, ఎంతసేపటికీ పైకి లేవలేదు.

"ఉలి జారిందండీ మేస్త్రీ గారూ," అన్నాడు జాబెజ్.

"జారిన ఉలి చెక్క నార వెంట పోతుంది జాబెజ్. ఇది నారకు అడ్డంగా పోయింది. చెయ్యి పనిగట్టుకుని తోస్తే తప్ప ఉలి ఇటు నడవదు."

జాబెజ్ భార్య టిల్లీకి ఏడో నెలని అందరికీ తెలుసు. ఆ పిల్ల పొద్దస్తమానం ఎత్తులేని పీట మీద వంగి కూర్చుని పేము అల్లుతుందనీ తెలుసు. ఈనస్ ఇంటూ గుర్తు పెట్టలేదు. కావాలని పాడుచేసిన దానికి ఇంటికెళ్ళే హక్కు లేదన్నాడు, విరగ్గొట్టి జిగురు కాచే పొయ్యిలో వెయ్యమన్నాడు. జాబెజ్ తన చెక్కసుత్తితో తన కుర్చీని తానే విరగ్గొట్టాడు. ఎల్మ్ చెక్క అంత తేలిగ్గా పగలదు. పదకొండు దెబ్బలు పట్టింది. నలభైమంది నిలబడి చూశారు.

ఆ సాయంత్రం ఈనస్ ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. ఎదురుగా పొయ్యి పక్కన భార్య కెజయా ఎప్పటిలాగే తన కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. కొత్తకోడలి ఒంటి మీది ఒకే ఒక్క నగలా ఆ ఇంటికి ఆ కుర్చీ. బీచ్ కాళ్ళు, ఎల్మ్ ఆసనం, ఆవిరి పట్టి వంచిన యూ చెట్టు కర్ర చేతులు, వీపు నడుమ పలకలో చెక్కిన గోధుమ కంకి. దాని అడుగున, ముందు ఎడమకాలి బెజ్జం పక్కన, రెండు వేళ్ళ ఎడంలో, నారకు అడ్డంగా ఒక గాటు ఉంది.

ముప్పై ఒక్కేళ్ళ కిందటి మాట. కెజయాకి తొలి కానుపు నెలలు. పీట మీద వంగి వంగి నడుం పట్టేసి, ఒకరోజు పేము చేతిలోంచి జారవిడిచి చప్పుడు లేకుండా ఏడ్చింది. రోజుకి ఆరు కుర్చీలు బిగించే మొగుడు ఆ ఏడుపు చూశాడు. ఒక కుర్చీ కొనాలంటే వారం కూలి ధారపోయాలి, పోస్తే ఆ వారం తిండి ఉండదు. మర్నాడు ఈనస్ తన జీవితంలోకెల్లా మంచి కుర్చీ చేశాడు. చేసి, తిరగేసి, ఉలి తీసుకుని, ఎక్కడ గాటు పెడితే కుర్చీకి ఎన్నటికీ హాని జరగదో సరిగ్గా అక్కడ పెట్టాడు. అప్పటి తనిఖీ మేస్త్రీ గుడ్‌చైల్డ్‌కి చూపు మందగించింది. వేలికి గాటు తగలగానే మారుమాట లేకుండా ఇంటూ గుర్తు పెట్టేశాడు. నెత్తిన కుర్చీతో కొండెక్కి ఇంటికొచ్చిన ఈనస్, ఉలి జారిందని భార్యతో చెప్పాడు. కెజయా అందులో కూర్చుని, కళ్ళు మూసుకుని, అమ్మయ్య అంది. ఆ రోజు నుంచి కార్ఖానా వస్తువు మీద ఈనస్ చెయ్యి పడలేదు. ఆ నిజాయితీ పెద్ద లూజ్లీ దొర చెవిన పడబట్టే సుద్దముక్క అతని జేబులోకి వచ్చింది.

జూన్‌లో ఊరికి కొత్త రైలు స్టేషన్ తయారైంది. తెరవడానికి లార్డ్ గారు వస్తున్నారన్నారు. పక్కనున్న వైకోంబ్ వాళ్ళు తమ వీధిలో రాణిగారికి కుర్చీల తోరణం కట్టి పదకొండేళ్ళయింది, ఇప్పటికీ సంతలో కలిస్తే ఆ సంగతి ఎత్తకుండా బంగాళాదుంపలు కూడా కొననివ్వరు. ఫెనికోంబ్‌కి ఇది పరువు సమస్య. మిస్ లూజ్లీ పెద్ద కాగితం పరిచి తోరణం బొమ్మ గీసింది. పెద్ద వీధిలో సత్రం గోడ నుంచి బట్టలకొట్టు గోడ దాకా, చర్చి కిటికీ ఆకారంలో, రెండువందల అరవై కుర్చీలు.

ఆవిడకి డిజైన్ల పిచ్చి. ఊరికే పేర్చితే కాదంది. కింది వరసలో ముత్తాతల నాటి పుల్లల వీపు కుర్చీలు ఉండాలి. వాటి మీద, లండన్ దొరల ఇళ్ళల్లో కుర్చీ కాళ్ళు వంచితే మనవాళ్ళు కూడా ఎగబడి వంచిన కాలం నాటివి. ఆ పైన బండిచక్రం వీపులు. ఆపైన, చర్చి కిటికీలంటే అందరూ పడిచచ్చిన రోజుల్లో ఆ కిటికీలనే వీపులుగా చెక్కినవి. వందేళ్ళ చేతిపని నేల నుంచి నెత్తి దాకా వరసగా కనబడాలి. నడినెత్తిన లూజ్లీ వారి సొంత గోధుమకంకి కుర్చీ ఒక్కటే ఉండాలి. చిక్కల్లా అక్కడే వచ్చింది. గోధుమకంకి అచ్చుపలక ఇరవయ్యేళ్ళ కిందటి అగ్నిప్రమాదంలో కాలిపోయింది. చేసినవన్నీ సముద్రాలు దాటిపోయాయి. ఊళ్ళో ఒక్కటే మిగిలింది.

ఈనస్ పనిలో ఉన్న వేళ మిస్ లూజ్లీ నేరుగా కొండెక్కి వెళ్ళి కెజయానే అడిగింది. సాయంత్రం ఈనస్ ఇంటికొచ్చేసరికి పొయ్యి పక్కన కుర్చీ లేదు. నేల మీద నాలుగు కాళ్ళ గుంటలు మాత్రం ఉన్నాయి. కెజయా టీ పెట్టె మీద కూర్చుని, తోరణం నెత్తిన తన మొగుడి పని కూర్చోబోతోందని మురిసిపోతూ చెప్పింది.

"నన్నొక మాట అడక్కుండా ఎలా ఇచ్చావే?"

"నా కుర్చీ. నేనిచ్చాను. రెండు రోజులు పెట్టె మీద కూర్చుంటే అరిగిపోతానా ఏం?"

ఈనస్ చొక్కా విప్పుతూ అలాగే ఆగిపోయాడు. తోరణం కింద నుంచి ఊరంతా నడుస్తుంది. కింద నుంచి నడిచేవాళ్ళకి కుర్చీ వీపు కనబడదు, కంకి కనబడదు. అడుగు కనబడుతుంది. వేరే ఊరివాళ్ళయితే తలెత్తి చూసి ఆహా అనుకుని పోతారు. ఫెనికోంబ్ వాళ్ళు కుర్చీ అడుగును ఉత్తరం చదివినట్టు చదువుతారు. ఏ గాటు జారినదో, ఏది తోసినదో వీధి మధ్యన నిలబడే చెప్పేస్తారు. జాబెజ్ కుర్చీ విరిగిన చప్పుడు ఇంకా వాళ్ళ చెవుల్లోనే ఉంది. పదహారేళ్ళు సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో మట్టిలో కలుస్తుంది. అంతకన్నా భయం, కెజయా కూడా ఆ తోరణం కింద నడుస్తుంది. ఉలి జారిందని నమ్మి ముప్పై ఒక్కేళ్ళు కూర్చున్న మనిషి తలెత్తి చూస్తుంది.

తోరణానికి ముందు రోజు, మధ్యాహ్నం భోజనాల వేళ, ఈనస్ జిగురులో ఎల్మ్ పొట్టు కలిపి చిన్న డబ్బాలో పెట్టుకుని, తోరణం కుర్చీలు ఉంచిన కార్ఖానా పెరట్లోకి వెళ్ళాడు. అందరూ సత్రంలో ఉంటారు, గాటు పూడ్చడానికి రెండు నిమిషాలు చాలు అనుకున్నాడు. పెరట్లో జాబెజ్ ఉన్నాడు. నడినెత్తి కుర్చీ కట్టే పని వాడికే అప్పగించారు. గోధుమకంకి కుర్చీని మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని తాడు చుడుతున్నాడు. వాడి బొటనవేలు గాటు మీద ఉంది.

జాబెజ్ తలెత్తి చూశాడు. ఈనస్ చేతిలో డబ్బా, డబ్బాలో జిగురు పొగలు. ఇంకేం చెప్పాలి?

"నారకు అడ్డంగా ఉంది మేస్త్రీ గారూ," అన్నాడు జాబెజ్.

వాడి గొంతులో ఎకసెక్కం ఉంటే ఈనస్ తట్టుకునేవాడు. లేదు. వేలికి తగిలింది తగిలినట్టు చెప్పాడంతే. ఈనస్ డబ్బా అక్కడే గట్టు మీద పెట్టి వెనక్కి వచ్చేశాడు. ఆ సాయంత్రం తనిఖీలో మొదటిసారి అతని వేలు ఏ కుర్చీ మీదా ఆగలేదు. పదహారేళ్ళలో ఆ ఒక్కరోజు సుద్దముక్క జేబులోంచి బయటికే రాలేదు.

ఇంటికెళ్ళి, టోపీ తియ్యకుండానే, కెజయాకి అంతా చెప్పేశాడు. ఉలి జారలేదని చెప్పాడు. ఆ రోజు చెయ్యి ఎంత నిలకడగా ఉందో కూడా చెప్పాడు, దానికే ఎక్కువ సిగ్గుగా ఉందన్నాడు.

కెజయా పేము అల్లడం ఆపలేదు.

"నాకు మొదటి శనివారమే తెలుసు," అంది. "నేను కుర్చీలవాడి కూతుర్నయ్యా. అడుగు కడుగుతుంటే వేలు ఆగింది. జారిన గాటుకీ తోసిన గాటుకీ తేడా నీకు చెప్పింది మా నాన్నే కదా, నాకు చెప్పకుండా ఉంటాడా?"

"మరి ఎన్నడూ అడగలేదేం?"

"అడిగితే నువ్వు అబద్ధమైనా ఆడాలి, కుర్చీ అయినా తిరిగివ్వాలి. నాకా రెండూ అక్కర్లేదు. వారం వారం దాన్ని కడిగినప్పుడల్లా, నా కోసం ఒక్క తప్పు చేసి జన్మంతా దాన్ని కడుక్కుంటున్నాడు పిచ్చిమనిషి అనుకునేదాన్ని."

ఈనస్‌కి కళ్ళు మసకబారాయి. ఎంత బరువు దిగిందో అతనికే తెలుసు. ఆ ఊపులో జాబెజ్ సంగతి కూడా చెప్పాడు. కార్ఖానాలో జరిగింది కొండ మీది ఆడవాళ్ళ చెవిన పడలేదు. టిల్లీ సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేదు, ఆమె మొహం చూసి మగవాళ్ళూ ఇళ్ళల్లో ఎత్తలేదు. అదే చోట గాటు, అదే అబద్ధం, పదకొండు దెబ్బలు, జిగురు పొయ్యి అన్నీ చెప్పాడు. చెప్పి, ఇక్కడ కూడా క్షమ దొరుకుతుందని తలెత్తి చూశాడు.

కెజయా చేతులు ఆగిపోయాయి.

"విరగ్గొట్టించావా?" అంది.

అతను అవునన్నట్టు తల ఊపాడు.

"నేను దేని మీద కూర్చున్నానో తెలిసి కూడా విరగ్గొట్టించావా? మనింట్లో ఉన్నది వాడింట్లోనూ ఉంటే నీకేం పోయింది? ఆ పిల్ల నడుం నొప్పి నొప్పి కాదా?" ఆమె గొంతు పెంచలేదు. పెట్టెను గోడవైపు తిప్పుకుని, అతనికి వీపు చూపించి మళ్ళీ పేము అందుకుంది. ఇన్నేళ్ళ కాపురంలో కెజయా అతనికి వీపు చూపించి కూర్చోవడం అదే మొదలు. ఉలి జారిందన్న అబద్ధం ఆమెకు బరువు కాలేదు, ఆ పదకొండు దెబ్బలు బరువయ్యాయి.

మర్నాడు ఎండ బాగా కాసింది. సత్రం నుంచి బట్టలకొట్టు దాకా కుర్చీలు ఆకాశంలోకి ఎక్కి వంపు తిరిగి దిగాయి. కొమ్మలు, జెండాలు, చర్చి పిల్లల పాటలు. జనం తోరణం కిందికి రాగానే అందరి తలలూ ఒక్కసారి పైకి లేచాయి. ఒకరు తాత చేసిన ఆసనం అడుగున బాడిసె గుర్తులు పోల్చుకున్నారు, ఒకరు తమ్ముడు చేసిన వంకర బెజ్జం చూసి నవ్వారు. లార్డ్ గారి బండి వచ్చింది. ఆయన ఎడంపక్క బట్టలకొట్టు అద్దాల్లో తన టోపీ సరిచూసుకుంటూ తోరణం దాటిపోయాడు, నెత్తి మీద ఏముందో చూడనే లేదు. వైకోంబ్ వాళ్ళకి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పొద్దని అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది.

ఈనస్ సత్రం గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తలెత్తడానికి ధైర్యం చాలడానికి చాలాసేపు పట్టింది. ఎత్తి చూస్తే గాటు కనబడలేదు. నడినెత్తి కుర్చీ అడుగున, ముందు ఎడమకాలి దగ్గర, బీచ్ ఆకుల గుత్తి ఒకటి ఒద్దికగా కట్టి ఉంది. రెండువందల అరవై కుర్చీల్లో అడుగున ఆకులు ఉన్నది ఆ ఒక్కదానికే.

ఎఫ్రాయిమ్ డీన్ అనే ముసలి బాడిసెగాడు దాన్నే చూస్తున్నాడు. "ఉన్నదాంట్లో చూడదగ్గ అడుగు అదొక్కటే, దానికే ఆకులు చుట్టి తగలేశాడెవడో," అని సణిగాడు.

"పిట్ట గూడు పెట్టకుండా కట్టాను తాతా," అన్నాడు వీధి అవతల నుంచి జాబెజ్. పక్కన టిల్లీ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. జాబెజ్ ఈనస్ వైపు చూడలేదు.

ఈనస్ మనసులో ఒక్క క్షణం, పేరుకున్న భయమంతా కరిగింది, ఇక గండం గడిచిపోయిందనిపించింది. ఆ మరుక్షణమే టిల్లీ కాళ్ళు మార్చి మార్చి నిలబడటం కనబడింది. కొంచెం ఎడంగా కెజయా కూడా టిల్లీనే చూస్తోంది. ఆ చూపు అతనికి తెలుసు. తానిప్పుడు నోరు మూసుకుంటే ఆ పెట్టె ఇంక ఎప్పటికీ గోడవైపు నుంచి ఇటు తిరగదు.

టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎఫ్రాయిమ్, ఆ ఆకుల కింద గాటుంది," అన్నాడు. చుట్టూ ఉన్న ఏడెనిమిది మంది ఇటు తిరిగారు. "నారకు అడ్డంగా ఉంది. పెట్టింది నేనే, కావాలనే. జాబెజ్ చేసింది నేను ముప్పై ఒక్కేళ్ళ కిందటే చేశాను. వాడిది విరగ్గొట్టించాను, నాది ఇంట్లో పెట్టుకున్నాను."

ఎఫ్రాయిమ్ తన గడ్డం గోక్కుని, గోక్కుని, చివరికి అన్నాడు: "సరేలే. మా ఇంటి కుర్చీ అడుగు మాత్రం ఎవరూ తిరగేసి చూడకండి. మా ఆవిడ గౌరవంగా బతికిన మనిషి."

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఈనస్ నవ్వలేదు. నవ్వుతో తేలిపోయేది కాదది, అతనికి తెలుసు.

సోమవారం పొద్దున్నే మిస్ లూజ్లీ బల్ల మీద సుద్దముక్క పెట్టి, సంగతంతా చెప్పి, మళ్ళీ బిగింపు పనికి పోతానన్నాడు. ఆవిడ సుద్దముక్క చేతిలోకి తీసుకుంది. మరి ఎవరికివ్వాలని అడిగింది. జాబెజ్‌కి ఇమ్మన్నాడు. తప్పుని ఆకులతో కప్పేవాడు తనిఖీకి పనికొస్తాడా అని ఆవిడ సందేహం. ముందు తప్పు కనబడింది కాబట్టే కప్పగలిగాడని, అది అందరికీ కనబడేది కాదని ఈనస్ జవాబు. ఆవిడకి ఆ మాట నచ్చింది. వయసులో పెద్దవాళ్ళు కొందరు సణిగారు గానీ, జాబెజ్ వేలి ముందు వాళ్ళ కుర్చీలు రెండు వారాలు నిలబడ్డాక సణుగుడు సద్దుమణిగింది.

తోరణం విప్పిన రోజు గోధుమకంకి కుర్చీ కొండెక్కి ప్లమ్‌రిడ్జ్ ఇంటికి రాలేదు. కెజయా దిగువకి వెళ్ళి, ఈనస్ నెత్తిన పెట్టించి, నేరుగా స్టాల్‌వుడ్ ఇంటికి తీసుకుపోయింది. టిల్లీ వద్దంటే వద్దంది. కెజయా ఆ పిల్ల రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, వీపు వెనక్కి వాలేదాకా వదల్లేదు.

"ఎలా ఉంది?"

టిల్లీ కళ్ళు మూసుకుని, "అమ్మయ్య," అంది.

ఈనస్ గుమ్మంలోనే నిలబడి నేల చూపులు చూశాడు. అలాంటి అమ్మయ్యనే పదకొండు దెబ్బలతో విరగ్గొట్టించానని ఆ క్షణాన అతనికి పూర్తిగా అర్థమైంది. ఇంటికొచ్చేటప్పుడు దారిలో కెజయా అతని చెయ్యి పట్టుకుంది. ఆ సాయంత్రం టీ పెట్టె మళ్ళీ ఇటు తిరిగింది.

వేసవంతా కెజయా ఆ పెట్టె మీదే కూర్చుంది. ఫిర్యాదు చెయ్యలేదని చెబితే అబద్ధమవుతుంది. పెట్టె మూలలు ఎక్కడెక్కడ గుచ్చుకుంటాయో పూటకొకసారి వివరంగా చెప్పేది. కుర్చీ ఇచ్చినందుకు మాత్రం ఒక్కసారీ నొచ్చుకోలేదు.

ఈనస్ పదహారేళ్ళ తర్వాత మళ్ళీ బిగింపు బల్ల దగ్గర నిలబడ్డాడు. చేతులు మొరాయించాయి. రోజుకి ఆరు చేసినవాడు రెండు కూడా చెయ్యలేకపోయాడు. మిస్ లూజ్లీ గోధుమకంకి మళ్ళీ చెయ్యమంటే, స్టాల్‌వుడ్ ఇంటికి వెళ్ళి టిల్లీ ఒడిలో పసివాడు నిద్రపోతుండగా కుర్చీ వీపు మీద కాగితం ఆనించి కొత్త అచ్చు తీసుకొచ్చాడు. సిడ్నీ కొట్టువాళ్ళు కంకి కుర్చీలు ఎన్నైనా పంపమన్నారు. అక్టోబరులో మొదటిది తయారైంది. కాళ్ళ మధ్య అడ్డకర్రల్ని ఎండుగా, కాళ్ళను కాస్త పచ్చిగా బిగించాడు, కాలు ఆరే కొద్దీ కర్రను బిగబట్టుకునేలా. ఆసనం అంచు మూడుసార్లు గీకాడు. ఎటు తడిమినా నీళ్ళు తాకినట్టుంది.

సాయంత్రం వరసలో పెట్టే ముందు దాన్ని తిరగేసి బల్ల మీద పెట్టుకున్నాడు. ఉలి పక్కనే ఉంది. ముందు ఎడమకాలి బెజ్జం పక్కన, రెండు వేళ్ళ ఎడంలో చోటు నున్నగా ఖాళీగా ఉంది. కెజయా నడుం గుర్తొచ్చింది. పెట్టె మూలలు గుర్తొచ్చాయి. ఉలి చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు పట్టుకుని, తుడిచి, మిగతా ఉలుల వరసలో దాని చోట దాన్ని పెట్టేశాడు. కుర్చీ సిడ్నీ పోతుంది, పోనీ అనుకున్నాడు. మంచి కుర్చీ పోవడమే న్యాయం.

జాబెజ్ వరస వెంట నడుస్తూ వచ్చాడు. కంకి కుర్చీ దగ్గర ఆగాడు. తిరగేశాడు. నలభైమందికీ ఇంటికెళ్ళే తొందర ఉన్నా ఒక్కరూ కోటు తొడుక్కోలేదు. వాడి బొటనవేలు కాళ్ళ మీదుగా, అడ్డకర్రల మీదుగా, బెజ్జాల అంచుల మీదుగా, ఆసనం అడుగంతా మెల్లగా తిరిగింది. ముందు ఎడమకాలి దగ్గరికొచ్చింది. అక్కడ వెతికింది. ఏమీ లేదు. మళ్ళీ వెతికింది. జాబెజ్ తలెత్తి ఈనస్‌ని చూశాడు. ఈనస్ గాటు లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

జాబెజ్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఆసనం అడుగున, నడి మధ్యలో, జానెడంత ఇంటూ గుర్తు పెట్టాడు.

"తప్పెక్కడుందిరా అబ్బీ?" అన్నాడు ఎఫ్రాయిమ్ వెనక నుంచి. "నాకు కనబళ్ళేదే."

"తనిఖీ చేసేది నువ్వా నేనా తాతా? నాకు కనబడింది," అన్నాడు జాబెజ్. తర్వాతి కుర్చీ తిరగేశాడు.

ఈనస్ కుర్చీని నెత్తిన పెట్టుకుని కొండెక్కాడు. కళ్ళలోంచి నీళ్ళు జారుతుంటే తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. కెజయా పెట్టె పక్కకి తన్నేసి కూర్చుంది. శనివారం కుర్చీ బోర్లించి, గుడ్డ తడిపి కడగడం మొదలుపెట్టింది. వేలితో అడుగంతా రెండుసార్లు తడిమింది. ఎక్కడా గాటు తగల్లేదు. మొగుడి వైపు చూసింది. తప్పేమీ లేకుండానే జాబెజ్ గుర్తు పెట్టిన సంగతి అతను చెప్పాడు.

ఆమె కాళ్ళు కడిగింది, అడ్డకర్రలు కడిగింది, ఆసనం అంచులన్నీ కడిగింది. సుద్ద గుర్తు ఉన్న చోట మాత్రం గుడ్డ పెట్టలేదు. ఆ శనివారమూ పెట్టలేదు, ఆ తర్వాత ఏ శనివారమూ పెట్టలేదు.